తాపీ పట్టిన వ్యాపారులు

మిమ్మల్నే అంటున్నాను. కంపెనీ మేడల్లో కూర్చుని కాగితాలు తయారుచేసే వాళ్లని. పర్మిట్ల ఆఫీసులో అద్దం వెనక కూర్చుని, అర్థమైందా అని ఒక్కసారి కూడా అడగని వాళ్లని. దేశంగాని దేశానికి మనుషుల్ని తోలుకొచ్చి, చేతికి పెన్నిచ్చి, వేలు పెట్టి "ఇక్కడ" అని చూపించే మేస్త్రీలని. టైలు కాస్త వంకర పోతే పీకించి మళ్లీ వేయిస్తారు మీరు. మనిషి బతుకే వంకర పోయేలా ఒక మాట రాస్తారు, దానికి అర్థం చెప్పే పూచీ మాత్రం ఎవరికీ లేదంటారు. అర్థం కాకపోవడం వాడి తప్పంటారు. సంతకం ఉందిగా అంటారు. ఉంది, కాదనను. ఆ సంతకం ఎలా పడిందో చెప్తాను వినండి. వినకపోయినా చెప్తాను.

*

జట్టులో అతన్ని అందరూ రసమట్టం అంటారు. టైలు వేసిన ప్రతిసారీ దాని మీద రసమట్టం పెట్టి, గాజు గొట్టంలో బుడగ రెండు గీతల మధ్య నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. మిగతావాళ్లు నాలుగైదు టైళ్లకొకసారి చూస్తారు. ఇతను ప్రతిదానికీ చూస్తాడు. అందుకే ఆ పేరు పెట్టారు. పెట్టిన పేరుని అతను కూడా ఇష్టపడ్డాడు.

కొత్తగా కడుతున్న ఆస్పత్రిలో మూడో అంతస్తు. రోగుల గదులకు ఆనుకుని ఉన్న స్నానాల గదుల్లో నేల వేస్తున్నారు. రసమట్టం మోకాళ్లకు రబ్బరు ముక్కలు కట్టుకుని, పళ్ల తాపీతో, టైళ్లంటించే గమ్ములో చాళ్లు తీస్తున్నాడు. టైలు అంచులు పట్టుకుని దించాడు. రెండు అరచేతులూ ఆనించి కొంచెం అటూ ఇటూ కదిపి నొక్కాడు. రబ్బరు సుత్తితో మూల మీద కొట్టాడు. చప్పుడు నిండుగా వచ్చింది. అడుగున గాలి లేదని అర్థం. రోజూ అయితే ఆ చప్పుడు వినగానే అతని మొహం విప్పారుతుంది. ఇవాళ విప్పారలేదు. చొక్కా జేబులో, గమ్ము అంటకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఉత్తరం ఉంది.

మధ్యాహ్నం బావగారు వచ్చాడు. జట్టు నాయకుడు. ఇక్కడికి రప్పించింది ఆయనే, గదులు చూపించింది ఆయనే, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా బండిలో తీసుకెళ్లేది ఆయనే. అందుకని అందరికీ ఆయన బావగారు.

"బావగారూ, ఇంటికో ఉత్తరం వచ్చింది."

"ఎక్కణ్ణుంచి?"

"పర్మిట్ల ఆఫీసు నుంచి. రెన్యువల్ గురించనుకుంటా. ఏదో సంజాయిషీ అడుగుతున్నట్టుంది. సగం మాటలు తెలియట్లేదు."

బావగారు ఉత్తరం విప్పి, పైనున్న ముద్ర చూసి, మడిచాడు. లోపల ఏముందో చదవలేదు.

"మామూలేలే. అందరికీ వస్తాయిలాంటివి. నాకొదిలెయ్." ఉత్తరం ఆయన జేబులోకి వెళ్లిపోయింది.

"అంటే… నా దగ్గర ఒకటి ఉంచుకుందామని…"

"ఏం, నా జేబులో ఉంటే చెద పడుతుందా?"

గమ్ము కలుపుతున్న నత్త పకపకా నవ్వాడు. పని నిదానం కాబట్టి అతనికా పేరు. నోరు మాత్రం నిదానం కాదు. "మీ జేబు లెవెల్లో ఉందో లేదో చూడాలంటాడేమో, జాగ్రత్త బావగారూ!"

అందరూ నవ్వారు. రసమట్టం కూడా నవ్వాడు. ఉత్తరం కోసం చాచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక మోకాలి మీది గమ్ము గోకింది. బావగారు పక్క గదిలోకి వెళ్లిపోయాడు. బక్కెట్లో గమ్ము బిగుసుకుంటోంది. రసమట్టం గబగబా ఇంకో టైలు దించి, మట్టం చూడకుండానే ఆ పక్కది అందుకున్నాడు. నత్త చూశాడు.

"ఓయ్, చూడకుండా పెట్టావు."

తిరిగి చూస్తే బుడగ ఒక పక్కకి పోయి నక్కింది. టైలు పీకి, అడుగున గమ్మంతా గీకి, మళ్లీ వేశాడు. 

*

భార్య యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పనిచేస్తుంది. సాయంత్రం అతను వచ్చేసరికి స్టవ్ దగ్గర నిలబడి ఉంది. వేళ్ల కొసలకి ఇంకా సుద్ద అంటుకునే ఉంది.

"చూపించావా? ఏమన్నాడు?"

"మామూలేనన్నాడు."

"ఉత్తరమేది?"

"బావగారి దగ్గరుంది."

ఆవిడ గరిటె గిన్నె మీద పెట్టింది. "మన ఉత్తరం ఆయన దగ్గరెందుకుంది?"

"చూసుకుంటానన్నాడు కదా."

"అడిగి తీసుకోవడానికి నోరు రాలేదా?"

"ఎలా అడుగుతాం? నమ్మకం లేదనుకోడూ?"

"అసలు నాకు తెలియకడుగుతాను, ఆయన నీకు ఎటునుంచి బావ? నాకు అన్న కాదు. నీ అక్కని చేసుకోలేదు. నీకు అక్కే లేదు. నీ మేనత్త కొడుకంటే, మేనత్తా లేదాయె. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావీ బావని?"

"అందరూ అంటారుగా."

"అందరూ అంటారు. అందుకే ఎవరూ ఏమీ అడగరు." ఫోను తీసి అతని ముందు పెట్టింది. "నీ సంగతి తెలిసే పొద్దున్నే ఫోటో తీసిపెట్టాను. రేపు పనివాళ్ల సంఘం ఆఫీసుకి పోదాం. అక్కడ మన భాష మాట్లాడే ఆవిడ ఉందట, మా పక్క మిషనామె చెప్పింది."

"బావగారికి తెలిస్తే?"

"తెలియనీ. నా పర్మిట్ నీ పర్మిట్ కొక్కేనికి తగిలించి ఉంది. అది ఊడితే నాదీ ఊడుతుంది. నా మిషను మీద రేపు ఇంకొకత్తె కూర్చుంటుంది. వెనక్కి వెళ్లి ఏ గుమ్మం ముందు నిలబడతాం చెప్పు? ఉన్న అద్దె ఇల్లు కూడా ఖాళీ చేసే కదా వచ్చాం."

 అతను సింకు దగ్గర గోళ్ల సందుల్లో గమ్ము తోముకుంటున్నాడు. అది ఒక పట్టాన పోదు.

"పోయినేడు ఆయనింట్లో భోజనానికి పిలిచి ఏదో సంతకం పెట్టించాడే, ఏంటది?"

"టాక్స్ కాగితం. ఇక జీతంలో కోత ఉండదు, మొత్తం చేతికే వస్తుందన్నాడు."

"చదివావా?"

"తిన్న చెయ్యి కడుక్కుని ఇవతలికొచ్చేసరికి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లావిడ తువ్వాలందిస్తోంది. అప్పుడు నేను కుర్చీ లాక్కుని చదువుతానంటే బాగుంటుందా?"

తెలివితక్కువతనం అనకండి దీన్ని. మర్యాద ఇది. మనవాళ్ల ఇంట్లో భోంచేసి, వాళ్లిచ్చిన కాగితం చదవడమంటే, వడ్డించిన అన్నం వాసన చూసి తిన్నట్టు. చిన్నప్పటి నుంచీ నేర్పింది అదే. ఈ మర్యాద సంగతి కంపెనీకి తెలియదనుకుంటున్నారా? తెలుసు. తెలిసే కాగితం తాను ఇవ్వకుండా బావగారి చేత ఇప్పించింది.

*

సంఘం ఆఫీసంటే ఒక మెకానిక్ షెడ్డు మీద గది. సలహా ఇచ్చే ఆవిడకి విపరీతమైన జలుబు. ముక్కు చీదుకుంటూనే ఫోటోని పెద్దది చేసి చదివింది.

"జవాబు సోమవారం పొద్దుటికల్లా చేరాలి. ఇప్పుడా వచ్చేది?" అని కసిరింది. తర్వాత, "కూర్చో. నిలబడితే వినబడదు నీకు," అంది.

కూర్చున్నాడు.

"ఇదిగో, ఈ మాట. సెల్ఫ్ ఎంప్లాయ్డ్. నువ్వు ఎవరి కిందా జీతానికి చెయ్యట్లేదు, సొంతంగా వ్యాపారం చేసుకుంటున్నావని దీనర్థం."

అతనికి నవ్వొచ్చింది. "నేనా?"

"నువ్వే. పనిముట్లు ఎవరివి?"

"తాపీలు, రసమట్టం నావి. కోసే మిషను బావగారిది. టైలు, గమ్ము కంపెనీవి."

"ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో ఎవరు చెప్తారు?"

"బావగారు."

"నీకు జ్వరమొస్తే నీ బదులు ఇంకోడిని పంపించొచ్చా?"

"పంపితే గేటు దగ్గరే ఆపేస్తారు."

"ఈ పని ఇంతైతే చేస్తాను, లేకపోతే లేదు అని ఎప్పుడైనా బేరమాడావా?"

అతను భార్య వైపు చూశాడు. "ఈయన కూరగాయల దగ్గరే ఆడలేడండీ," అంది ఆవిడ.

"అయితే నువ్వు జీతగాడివి. కాగితం మీద మాత్రం వ్యాపారివి. నీ పర్మిట్ ఏమో ఈ కంపెనీ కింద జీతానికి చెయ్యడానికే ఇచ్చారు, సొంత వ్యాపారం చెయ్యకూడదని రాసి మరీ ఇచ్చారు. టాక్స్ ఆఫీసుకి వెళ్లిన లెక్కలో నువ్వు వ్యాపారం చేస్తున్నట్టుంది. ఒక ఆఫీసు కాగితం ఇంకో ఆఫీసు చూసింది. షరతు ఎందుకు తప్పావో చెప్పమంటున్నారు."

"నేను తప్పలేదుగా."

"సంతకం పెట్టావుగా."

ఎదురుగా గోడకి పెచ్చులూడిన చోట అతని చూపు ఆగిపోయింది. అతని బదులు భార్య అడిగింది. "ఇలా రాస్తే ఎవరికి లాభమండీ?"

"ఇంకెవరికి, కంపెనీకి. జీతగాడు ఉంటే వాడి పేరున బీమా కట్టాలి, టాక్సులో తన వంతు కట్టాలి, సెలవివ్వాలి. మెట్ల మీంచి పడితే వైద్యం చేయించాలి. వ్యాపారి అయితే ఏదీ అక్కర్లేదు. వాడి చావు వాడిది. ఆ టాక్స్ కూడా మీరే కట్టుకోవాలి. కట్టారా?"

"కోత లేదంటే టాక్సే లేదనుకున్నాను," అన్నాడు రసమట్టం నెమ్మదిగా.

ఆవిడ తిట్టబోయి ఆగింది. గుడ్డతో ముక్కు తుడుచుకుంది. "నువ్వొక్కడివే కాదులే. ఈ బల్ల ముందు కూర్చున్న ప్రతివాడూ ఇదే మాట."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"నీకు రోజూ పని చెప్పినవాడు, ఆ సంతకం పెట్టించినవాడు వచ్చి రాసివ్వాలి. వీళ్లు జీతానికే చేశారు, ఈ మార్పు వీళ్లు అడిగింది కాదు అని. నీ ఒక్కడి మాట నిలవదు. అతను రాసిస్తే అడగడానికి ఒక దారుంటుంది. గ్యారంటీ ఏమీ ఇవ్వను. ఆదివారం సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."

"మిగతావాళ్ల సంగతి? జట్టంతా సంతకాలు పెట్టారు."

"వాళ్ల రెన్యువల్ వచ్చినప్పుడు వాళ్లకీ ఇదే ఉత్తరం."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. రసమట్టం కాలి కింద పేవ్‌మెంటు పలకని మడమతో కొట్టి చూశాడు. డొల్లగా మోగింది. పక్కదాన్ని కొట్టాడు. అదీ అంతే.

"జట్టులో ముందు పెట్టింది నేనే," అన్నాడు. "వీడే పెట్టాడంటే ఇంకేం చూడక్కర్లేదని నత్తగాడు నా వెనకే పెట్టాడు."

 బస్సు వచ్చేదాకా భార్య అతని మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

*

ఆదివారం మధ్యాహ్నం బావగారింట్లో అందరికీ భోజనాలు. ఆయన భార్య, అందరికీ అక్క, వంటగదికీ ముందుగదికీ తిరుగుతూ కొసరి కొసరి వడ్డించింది. రసమట్టం భార్య కూడా లోపలికి వెళ్లి గిన్నెలందుకుంది. నత్త మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "నిదానంగా తింటాడు కాబట్టి ఎంత తిన్నాడో ఎవరికీ తెలియదు," అని ఎవరో అంటే ఇల్లంతా నవ్వులు.

చేతులు కడుక్కోవడం మొదలయ్యాక బావగారు బీరువా మీంచి కాగితాల కట్ట దించాడు.

"ఒక చిన్న సంతకం. ఈ మధ్య ఆఫీసుల వాళ్లు అనవసరంగా ఉత్తరాలు రాస్తున్నారు. ఈ కాగితం కంపెనీ పంపింది. ఇది పెట్టేస్తే ఇక ఆ గొడవ ఉండదు."

నత్త పెట్టాడు. వాడి వెనక ఇద్దరు పెట్టారు. పెన్ను రసమట్టం దగ్గరికి వచ్చింది. అక్క తువ్వాలు అందించింది. అతను చేతులు తుడుచుకున్నాడు, వేళ్ల సందులు కూడా. తువ్వాలు మడిచి ఇచ్చేశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చదివి పెడతాను బావగారూ."

అక్క తువ్వాలు పట్టుకుని వంటగది గుమ్మంలోకి జరిగింది.

"ఏం చదువుతావ్? లెవెలు చూడ్డానికి అది టైలా?" అని బావగారు నవ్వాడు. ఒకరిద్దరు నవ్వారు, అంతలోనే మానేశారు.

"అన్నం పెట్టారు, కడుపునిండా తిన్నాను. ఆ రుణం వేరు. ఇది వేరు."

"అంటే నన్ను నమ్మవా?"

మామూలుగా ఆ మాటతో అన్నీ అయిపోతాయి. ఆ మాట వినగానే ఎంతటివాడైనా తల దించుకుని పెట్టేస్తాడు. రసమట్టానికి చెవులు ఎర్రబడ్డాయి. కళ్లెత్తి చూసే ధైర్యం లేక, పగుళ్లు పడ్డ వేలు మొదటి వరుస కింద పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు.  ఒక్కో మాట దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివాడు.

"ఈ లెక్కన సాయంత్రమవుతుంది. నన్నంటారు నత్తని!" అన్నాడు నత్త. ఎవరూ నవ్వలేదు.

"ఈ మాటకర్థమేంటి బావగారూ?"

"అది… లాయరు మాటలే. మామూలువే."

"దీనికి?"

"అదీ అంతే."

"ఇక్కడ ఈ సొంత వ్యాపారం మేమే కోరుకున్నామని ఉన్నట్టుంది. మేమెప్పుడు కోరుకున్నాం?"

"రాతలో అలాగే రాస్తారయ్యా."

"ఇక్కడ కింద, కోరుకున్నవాళ్లలో మీ పేరు కూడా ఉంది. ఎందుకుంది?"

బావగారు చటుక్కున ఒంగాడు. కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు, అది నెత్తి మీదే ఉంది. పెట్టుకుని ఆ వరుస చూశాడు. మళ్లీ చూశాడు. పెదాలు కదిలాయి. కాగితం పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

వంటగది గుమ్మంలోంచి అక్క అంది. "ఆయన్నడిగితే ఏం చెప్తాడు తమ్ముడూ? ఆయనా ఇలాగే పెట్టాడు. కంపెనీ ఆఫీసులో కుర్చీ వేశారట, కాఫీ ఇచ్చారట. కుర్చీ వేసి కూర్చోబెట్టిన పెద్దమనుషుల ముందు చదవడమేంటని, ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టేసి వచ్చాడు. అప్పణ్ణుంచీ ఏ ఉత్తరం వచ్చినా బీరువాలో దాస్తాడు. విప్పడు."

"నువ్వు లోపలికెళ్లు."

అక్క వెళ్లలేదు. అక్కడే నిలబడి చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఉంది.

ఇన్నాళ్లూ ఏ కాగితమైనా మామూలే అన్న మనిషి, సోఫా అంచున కూర్చుని కార్పెట్టు వైపు చూస్తున్నాడు. ఆ మాటలు ఆయనకీ అర్థం కావని గదిలో అందరికీ తెలిసిపోయింది. రసమట్టానికి కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ అది వచ్చి నిలబడేసరికి ఎదురుగా ఉన్నది తనలాంటి వాడే. అది ఇంకా కష్టంగా ఉంది. ఎవరిని పట్టుకుని ఇక్కడిదాకా నడిచొచ్చారో ఆయన కళ్లకీ గంతలే.

అయితే జాలిపడి ఊరుకోమంటారా? తెలియక పెట్టాడు, సరే. తెలియదని ఒక్కసారి నోరు తెరిచి చెప్పి ఉంటే? జట్టంతా ఆగి ఉండేది. పరువు పోతుందని చెప్పలేదు. ఆయన పరువు కోసం ఇంతమంది పర్మిట్లు పోతున్నాయి.

రసమట్టం సలహా ఆవిడ చెప్పినదంతా చెప్పాడు. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేస్తూ చెప్పాడు. జీతగాడు, వ్యాపారి, షరతు, సోమవారం పొద్దున. భార్య గుమ్మంలోకి వచ్చి అతను మరిచిపోయినవి అందించింది. మధ్యలో నత్త లేచి, కట్టలోంచి తన కాగితం లాక్కుని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఈ ఒక్క పనీ వాడు చురుగ్గా చేశాడు.

"నేను వెళ్లి అలా రాసిస్తే కంపెనీ నన్ను బయటికి గెంటుతుంది," అన్నాడు బావగారు.  "ఈ ఇల్లు వాళ్లిచ్చిందే. నేనూ మీ అక్కా ఎక్కడికి పోవాలి?"

"రాయకపోతే నేను పోతాను. నా వెనక మా ఆవిడ పోతుంది. తర్వాత వీళ్లు, ఒకళ్ల వెనక ఒకళ్లు. మేమెక్కడికి పోవాలి?"

"కొంచెం టైమివ్వు. కంపెనీ వాళ్లతో మాట్లాడి చూస్తాను. నా మీద నమ్మకముంచు."

"నమ్మకానికి రేపు ఆ ఆఫీసులో పనిలేదు, మేస్త్రీ."

మేస్త్రీ అన్నాడు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ అలా పిలవలేదు. అక్క తల ఎత్తి చూసింది. బావగారికి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట రసమట్టం అన్నదీ ఇష్టమై కాదు. కానీ వెనక్కి తీసుకోలేదు. లేచి నిలబడ్డాడు. 

"నా ఉత్తరం నాకియ్యండి. బీరువాలో దాచినవన్నీ తియ్యండి, మీవీ మావీ. అన్నీ ఆ సంఘం ఆవిడ ముందు పెడదాం. మమ్మల్ని ఎవరు పిలిచారో, ఎవరు పని చెప్పారో, ఈ కాగితం ఎవరి చేతిలోంచి మీ చేతికి వచ్చిందో ఉన్నదున్నట్టు రాసివ్వండి. కంపెనీకి కూడా చెప్పండి. ఇకమీదట ఏ కాగితమైనా మా భాషలో రాసి ఇవ్వాలి. ఇంటికి తీసుకెళ్లనివ్వాలి. అర్థం కాని మాటకి అర్థం చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. అప్పటిదాకా ఈ జట్టులో ఎవడూ పెన్ను ముట్టుకోడు. భోజనం పెట్టినా సరే, కాఫీ ఇచ్చినా సరే."

బావగారి చూపు బీరువా మీదికి పోయింది.

"సాయంత్రం దాకానే ఉంటుందావిడ. లేవండి మేస్త్రీ. చెప్పులేసుకోండి."